జారుడుబండ అరిగిపోతదా?

పాపకి నడక వచ్చిన మర్నాటినుంచీ మా ఇంట్లో ఒకటే చర్చ. పెరట్లో ఏమేం ఆటసామాన్లు పెట్టాలి? మాది హైదరాబాదు శివార్లలో రెండొందల గజాల ఇల్లు. వెనక ఒక జామచెట్టు, ఒక కుళాయి, చిన్నపిల్ల పరిగెత్తేపాటి మట్టినేల. అపార్టుమెంట్లలో ఉండే స్నేహితులు వచ్చినప్పుడల్లా "పెరడుంది, మీ పాపకింకేం కావాలి? అదృష్టవంతురాలు" అంటారు. నిజమే. కానీ ఆ అదృష్టాన్ని ఎంచి, కొని, బిగించి, తుడిచి, పక్కన కూచుని కాపలా కాసే పని ఎవరిది? ఆ మాట ఎవరూ అడగరు. అడగక్కర్లేకుండానే అందరికీ తెలుసు కనక.

నా సహచరుడు రోజుకి పది ఫోటోలు నా ఫోనుకి పంపేవాడు. జారుడుబల్లలు, ఉయ్యాలలు, మూడుచక్రాల బళ్ళు, ఇసుక తొట్లు. "నువ్వే చూసి చెప్పు, నీకే బాగా తెలుస్తుంది" అనేవాడు. ఈ 'నీకే బాగా తెలుస్తుంది' దగ్గర కాస్త ఆగుదాం. ఎంత గౌరవంగా ఉందో చూడండి! ఆ గౌరవంతోనే మొత్తం చాకిరీ మన ఒళ్ళోకి వచ్చి పడుతుంది. నేను డిగ్రీ కాలేజీలో సాహిత్యం చెప్తాను. రెండేళ్ళ పిల్ల ఎక్కే మెట్టు ఎంత ఎత్తుండాలో నా ఎం.ఏ. సిలబస్‌లో లేదు. అతనికెంత తెలుసో నాకూ అంతే తెలుసు. తేడా ఒక్కటే. తెలుసుకోకపోతే అతన్ని ఎవరూ ఏమీ అనరు.

అందుకని నేనే తెలుసుకున్నాను. మేకులు, బోల్టులు బయటికి పొడుచుకు రాకూడదు. ఊడివచ్చే చిన్న ముక్కలు నోట్లోకి పోతాయి. తాడు మెడకి చుట్టుకునేంత పొడుగుండకూడదు. కింద సిమెంటు కాదు, మెత్తటి నేల ఉండాలి. తొట్టిలో నీళ్ళు ఆట కాగానే పారబొయ్యాలి, జానెడు నీళ్ళలో కూడా చిన్నపిల్లలు మునిగిపోతారు. ఇసుక మీద రాత్రిపూట మూత వెయ్యాలి, లేకపోతే పిల్లులు పాడుచేస్తాయి. 2021 జనవరి 1 నుంచి మనదేశంలో అమ్మే పిల్లల బొమ్మల మీద ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. ఆ గుర్తు వెతికాను. అన్నీ చూశాను. ప్లాస్టిక్ జారుడుబల్ల, చిన్న ఉయ్యాల కొన్నాం. డబ్బు అతనిచ్చాడు, కాబట్టి 'వాళ్ళ నాన్న కొన్నాడు' అయింది.

ఏప్రిల్ వచ్చింది. పొద్దున పదిన్నరకే ఆ జారుడుబల్ల పెనంలా కాలింది. పాప తొడలు ఎర్రగా కందిపోయాయి. అప్పుడు మాత్రం అది నాన్న కొన్నది కాలేదు. "చూసి కొనలేదా? చదువుకున్నదానివి!" అన్నారు. ఎండ సంగతి ఆ పెరట్లో బట్టలారేసే నాకు తెలియాలిట. పిల్లల వస్తువుల 'ఎంపిక' అంటే ఇదే మనకి ఇచ్చిన స్వేచ్ఛ. బాగుంటే ఇంటి గొప్ప, బెడిసికొడితే తల్లి తప్పు. ఇంతకాలం వంటింట్లో ఉప్పు ఎక్కువైతే పడిన మాటలే ఇప్పుడు పెరట్లోకి వచ్చాయి. మార్కెట్ దీన్ని మనకంటే ముందే కనిపెట్టింది. అమ్మ భయాన్ని ఎంత పెంచితే అన్ని బొమ్మలు అమ్ముడవుతాయి. ఈ బొమ్మ కొనకపోతే మెదడు ఎదగదు, ఆ బొమ్మ కొనకపోతే చేతివేళ్ళు సరిగా పనిచెయ్యవు అని బెదిరించే ప్రకటనల్లో నాన్న బొమ్మ ఎక్కడన్నా ఉంటే, పిల్లని గాల్లోకి ఎగరేసి నవ్వుతూ ఉంటాడు. పట్టీ చూసి కొలతలు చదివే బొమ్మ ఎప్పుడూ అమ్మదే.

ఇంతా చేసి పాప ఏం చేసింది? కుళాయి కింద స్టీలు చెంబు పెట్టి, మట్టి కలిపి, జామాకులు అందులో వేసి గంటలకొద్దీ ఆడింది. జారుడుబల్ల మీద మా అత్తగారు వడియాలు ఎండబెట్టారు. నాకు నవ్వొచ్చింది గానీ, అప్పుడే ఒక సంగతి అర్థమయింది. పిల్లకి కావలసింది వస్తువు కాదు, మట్టి, నీళ్ళు, పక్కన ఒక తీరికైన మనిషి, ఇంకో పిల్ల. ఈ నాలుగింటిలో దుకాణంలో దొరికేది ఒక్కటీ లేదు.

తీరికైన మనిషి సంగతే తీసుకుందాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అయిదేళ్ళలోపు పిల్లల గురించి కొన్ని సూచనలు ఇచ్చింది. ఏడాది దాటిన పిల్లలు రోజు మొత్తంలో కనీసం 180 నిమిషాలు ఒళ్ళు కదిలే ఆటల్లో ఉండాలంది. బాగుంది. మూడు గంటలు. ఎవరి మూడు గంటలు? రెండేళ్ళ పిల్ల ఒంటరిగా పెరట్లో ఆడుకోదు, ఆడుకోనివ్వకూడదు కూడా. అంటే పిల్లకి 180 నిమిషాల ఆట అని రాసిన ప్రతిచోటా ఎవరో ఒకరికి 180 నిమిషాల పని అని చదువుకోవాలి. మనదేశంలో 2024లో జరిగిన కాలవినియోగ సర్వే ప్రకారం 15 నుంచి 59 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో 41 శాతం మంది ఇంట్లోవాళ్ళ సంరక్షణ పని చేస్తున్నారు, రోజుకి సుమారు 140 నిమిషాలు. అదే వయసు మగవాళ్ళలో ఆ పనిలో ఉన్నది 21.4 శాతం మంది, 74 నిమిషాలు. ఇందులో వంట, అంట్లు, బట్టలు లేవు. వాటి లెక్క వేరు. మా ఇంట్లోనూ అంతే. నేను పెరట్లో పాపతో ఉన్నప్పుడు ఒక చేత్తో ఆన్సర్ షీట్లు దిద్దుతుంటాను, ఒక కన్ను పొయ్యి మీద ఉంటుంది. అతను పాపతో ఉన్నప్పుడు పాపతోనే ఉంటాడు. అందుకే పాపకి 'నాన్నతో ఆట' అంటే పండగ, 'అమ్మతో ఆట' అంటే మామూలు గాలీ వెలుతురూ.

చట్టం కూడా మనల్ని ఇలాగే చూసింది. ఫ్యాక్టరీలో పిల్లల గది ఉండాలా వద్దా అన్నది తేల్చడానికి 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఆడ కార్మికుల్ని మాత్రమే లెక్కపెట్టింది. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం 50 మందికి మించి ఆడ కార్మికులుంటేనే గది కట్టమంది. మగ కార్మికులకి పిల్లలే పుట్టనట్టు! 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు ఆడా మగా కలిపి 50 మంది ఉద్యోగులున్న చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలన్నారు. ముందడుగే. కానీ రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసుకునే హక్కు రాసేటప్పుడు మళ్ళీ తల్లి పేరే రాశారు. తండ్రికి బిడ్డని చూడాలనిపించదా? చూడాలన్న పూచీ లేదా? ఒక హక్కుని మనకి మాత్రమే ఇస్తే అది బాధ్యతని మనకి మాత్రమే అంటగట్టడం అవుతుంది.

ఇక ఆడుకునేది ఆడపిల్ల అయితే సంగతేమిటి? పాప రెండో పుట్టినరోజుకి వచ్చిన కానుకలు లెక్కపెట్టాను. మూడు వంటసామాను సెట్లు, రెండు బొమ్మలు, ఒక అలంకరణ పెట్టె. అదే నెలలో పక్కింటి బాబు పుట్టినరోజుకి బంతి, బ్యాటు, మూడుచక్రాల బండి వచ్చాయి. కానుకలిచ్చిన వాళ్ళలో చాలామంది ఇద్దరికీ ఇచ్చినవాళ్ళే. ఏటికొప్పాక అంకుడుకర్ర లక్కపిడతలంటే నాకూ ప్రాణమే, నేనూ వాటితోనే పెరిగాను. అవి మగపిల్లలకి కూడా ఇవ్వనంత కాలం మాత్రం అవి బొమ్మలు కావు, అప్పగింతలు.

మన పాత ఆటల్ని తలుచుకోండి. అచ్చనగాయలు, వామనగుంటలు, గవ్వలు, గుజ్జనగూళ్ళు - ఆడపిల్లలవి. ఎక్కువభాగం అరుగు మీద, చాప మీద, కూచుని ఆడేవి. గోళీలు, బిళ్ళంగోడు, కోతికొమ్మచ్చి - మగపిల్లలవి. వీధి కావాలి, చెట్టు కావాలి. ముళ్ళపూడి వెంకటరమణ తన ఆత్మకథకి 'కోతికొమ్మచ్చి' అని పేరు పెట్టుకున్నారు. ఎంత హాయైన పేరు! ఆయన తరం ఆడవాళ్ళలో ఎంతమంది తమ బతుక్కి ఒక చెట్టెక్కే ఆట పేరు పెట్టుకోగలిగేవాళ్ళు? సిమోన్ ద బోవా 1949లోనే దీని గురించి రాసింది, మగపిల్లలు చెట్లెక్కుతూ తమ ఒంటి బలం తెలుసుకుంటుంటే ఆడపిల్లకి చేతిలో బొమ్మ పెట్టి కూచోబెడతారని. 1980లో ఐరిస్ మారియన్ యంగ్, ఆడపిల్ల బంతి విసిరే తీరు మీద ఒక వ్యాసమే రాసింది. ఒంట్లో బలం లేక కాదు, చుట్టూ ఉన్న చోటు తనది కాదన్నట్టు ఒళ్ళు ముడుచుకోవడం అలవాటై అలా విసురుతుందని ఆమె వాదన.

ఆ ముడుచుకోవడం మన ఇళ్ళలో ఏ మాటతో మొదలవుతుందో మనందరికీ తెలుసు. "ఎండలో తిప్పకు, నల్లబడుతుంది." మా అత్తగారు రోజూ అనేవారు. పక్కింటి బాబుని ఎవరూ అనలేదు. రెండేళ్ళ పిల్ల చర్మం రంగులో ఇరవై ఏళ్ళ తర్వాతి పెళ్ళిచూపులు కనిపిస్తున్నాయి వాళ్ళకి! అబ్బూరి ఛాయాదేవి తన కథలో చూపించిన బోన్సాయ్ చెట్టుని మనం తరగతి గదుల్లో ఎంతో ఆవేశంగా పాఠం చెప్తాం. ఆ కత్తిరింపు పెళ్ళినాడు మొదలవదు. పెరట్లోనే, మట్టి అంటుకున్న గౌను దులిపి లోపలికి లాక్కెళ్ళినప్పుడే మొదలవుతుంది.

ఇంతవరకూ రాయడం సులువే. నేను బాధితురాల్ని, తప్పు మగవాళ్ళది, మార్కెట్‌ది, చట్టానిది. ఇక్కడితో ఆపేస్తే అబద్ధం రాసినట్టవుతుంది.

మా ఇంట్లో పనిచేసే ఆమెకి మూడేళ్ళ కూతురుంది. వేసవిలో కొన్నాళ్ళు వెంట తెచ్చుకునేది. ఆ పిల్ల పెరటి మెట్టు మీద కూచుని జారుడుబల్ల వంక చూస్తూ ఉండేది. ఒకరోజు ఎక్కింది. రెండుసార్లు జారింది. పాప చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం కడుపులో ఏదో తిరిగినట్టయింది. విరిగితే? జలుబుంది కదా, పాపకి అంటుకుంటే? మర్నాడు ఆ పిల్ల గుమ్మంలో నిలబడితే "పాప పడుకుంది, తర్వాత రా" అన్నాను. పాప పడుకోలేదు. లోపలినుంచి దాని గొంతు వినబడుతూనే ఉంది. తల్లి అంట్లు తోముతూ తలెత్తి చూసి, మళ్ళీ తల దించుకుంది. ఆ వారమే నేను ఒక సెమినార్‌కి పేపరు రాస్తున్నాను, కులమూ స్త్రీల శ్రమా అన్న అంశం మీద.

మరుసటి రోజునుంచి ఆమె ఒక్కతే వచ్చింది. పిల్ల ఎక్కడని నేను పదిహేను రోజులదాకా అడగలేదు. అడిగిన రోజు, "పెద్దదాన్ని బడి మాన్పించిన మేడం. చిన్నదాన్ని ఎవరు సూస్తరు?" అంది. పెద్దదానికి ఎనిమిదేళ్ళు. వేసవి సెలవులయిపోయి బళ్ళు తెరిచాక కూడా ఆ పిల్ల చెల్లెల్ని చంకనేసుకుని ఇంటి దగ్గరే ఉంది. నేను నోరు తెరవకముందే ఆమె అంట్లవైపు తిరిగి, అడగాలా వద్దా అన్నట్టు, "జారుడుబండ అరిగిపోతదా మేడం? పిల్లలు జారితే నున్నగైతది గానీ" అంది. కోపంగా కూడా అనలేదు. ఆమె నన్ను మేడం అంటుంది. నేనామెని నువ్వంటాను. ఆ రోజు ఆ రెండు మాటల మధ్య దూరం ఎంతో కొలిచి చూపించింది.

లెక్క వేసుకున్నాను. మా పాప 180 నిమిషాల ఆటకి నాకు తీరిక ఎలా వచ్చింది? ఆమె మా అంట్లు తోమితే వచ్చింది. ఆమె మా ఇంట్లో ఉన్న నిమిషాలు ఆమె కూతురి నిమిషాల్లోంచి తీసినవి. ఆ లోటు పూడ్చింది ఒక ఎనిమిదేళ్ళ ఆడపిల్ల చదువు. మా పెరటి ఆట ఖరీదు జారుడుబల్ల బిల్లులో లేదు, అక్కడ ఉంది. యాభైమంది ఉద్యోగులుంటే పిల్లల గది కట్టాలన్న చట్టం ఆమెకి ఎందుకు పనికొస్తుంది? ఇంటికొక్కరు చొప్పున పనిచేసేవాళ్ళ లెక్క ఎప్పటికీ యాభైకి చేరదు.

మీరనవచ్చు, "మా చిన్నప్పుడు ఎవరు చూశారండీ? వీధిలో వదిలేస్తే మేమే పెరిగాం" అని. ఈ మాట నేనూ అన్నాను. మా అత్తగారే సరిదిద్దారు. "నేనెక్కడ ఆడానే? ఎనిమిదేళ్ళనుంచీ నా చంకలో మా తమ్ముడుండేవాడు. వాడు ఆడుకుంటుంటే నేను కాపలా" అన్నారు. ఉమ్మడి కుటుంబం పిల్లల్ని ఎంత బాగా పెంచిందో చెప్పేవాళ్ళు ఆ చంకలో బిడ్డనెత్తుకున్న ఆడపిల్లని ఫోటోలోంచి తీసేసి చెప్తారు. ఆ ఫోటోలోని ఎనిమిదేళ్ళ పిల్ల మా అత్తగారు. ఇప్పుడది మా ఇంట్లో అంట్లు తోమే ఆమె పెద్దకూతురు. డెబ్భై ఏళ్ళలో మారింది కులమూ తరగతీ మాత్రమే, చంక మారలేదు.

సిగ్గుపడి, ఆ జారుడుబల్లని వాళ్ళ బస్తీ అంగన్‌వాడీకి ఇచ్చేద్దామని వెళ్ళాను. సిగ్గుకి మధ్యతరగతి వాళ్ళకి తెలిసిన మందు దానమే కదా! అక్కడి టీచరు నన్ను లోపలికి పిలిచి చూపించింది. ఒక అద్దె గది. ఒక మూల బియ్యం, గుడ్లు. ఇంకో మూల పిల్లలు. గుమ్మం దాటితే రోడ్డు. "పెట్టడానికి జాగా ఏదమ్మా?" అంది. అంగన్‌వాడీ అంటే అర్థం ముంగిలి. 1975 అక్టోబరు 2న ఈ పథకం మొదలైంది. నగరాల్లో చాలాచోట్ల అంగన్‌వాడీలు ఇలా ముంగిలి లేని అద్దె గదుల్లోనే నడుస్తున్నాయి. 2022లో అంగన్‌వాడీలకి శిశు సంరక్షణ కేంద్రాల్ని కలిపే పథకానికి 'పాల్నా' అని పేరు పెట్టారు. పాల్నా అంటే ఉయ్యాల. పేరులో ముంగిలి ఉంది, పేరులో ఉయ్యాల ఉంది. పిల్లలకి మాత్రం రెండూ లేవు. ఆ ఉండాల్సిన ముంగిళ్ళన్నీ ఏమయ్యాయి? ప్లాట్లయ్యాయి. కార్లు పెట్టుకునే చోట్లయ్యాయి. కొన్ని, మాలాంటి వాళ్ళ పెరళ్ళయ్యాయి. చుట్టూ గోడ, గోడకి గేటు, గేటు లోపల ఒక్క పిల్ల, పది బొమ్మలు.

అందుకే నా వాదన ఇది. పెరట్లో ఏ బొమ్మ పెట్టాలన్నది తప్పుడు ప్రశ్న. అది మనల్ని దుకాణం వైపు తిప్పి, అసలు ప్రశ్నల నుంచి తప్పిస్తుంది. బొమ్మ పక్కన ఎవరు కూచుంటారు? గేటులోంచి ఎవరి పిల్ల లోపలికి రావచ్చు? ఈ రెండింటికీ జవాబు చెప్పకుండా ఎంత మంచి బొమ్మ కొన్నా, దాన్ని ఒక స్త్రీ వీపు మీదే బిగిస్తాం.

మొదటి ప్రశ్నకి మా ఇంట్లో జవాబు గొడవతోనే వచ్చింది. పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది దాకా, ఎండ ముదరకముందు, పెరడూ పాపా వాళ్ళ నాన్న పని. 'సాయం' కాదు, పని. ఆ టైములో మట్టి బట్టలు మార్చడం, తొట్టిలో నీళ్ళు పారబొయ్యడం, ఇసుక మీద మూత వెయ్యడం కూడా అతనివే. పాప పడితే జవాబు చెప్పేదీ అతనే. మొదటి నెల రోజూ ఒకసారి "పాప టోపీ ఎక్కడ?" అని అడిగేవాడు. నేను చెప్పడం మానేశాక వెతుక్కోవడం నేర్చుకున్నాడు.

రెండోదానికి జవాబు ఇంకా సగమే వచ్చింది. సాయంత్రం అయిదునుంచి ఆరున్నర దాకా గేటు తెరిచి ఉంటుంది. జారుడుబల్లని జామచెట్టు నీడలోకి జరిపాం. ఇల్లు కట్టగా మిగిలిన ఇసుక, ఒక పాత టైరు, చెంబులు, చిల్లుల గిన్నెలు ఉంటాయి. అయిదారుగురు పిల్లలొస్తారు. ఆమె చిన్నకూతురూ వస్తుంది. పెద్దది బడికి వెళ్తోంది, ఎందుకంటే చిన్నదాన్ని తల్లి మళ్ళీ వెంట తెచ్చుకుంటోంది. ఇది పరిష్కారం కాదని నాకు తెలుసు. నా గేటు నా దయ మీద తెరుచుకుంటోంది. రేపు నా మనసు మారితే మూసుకుంటుంది. దయ మీద ఆధారపడేది హక్కు కాదు. పిల్లలకి ఆడుకునే హక్కు ఉందని 1989 బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం చెప్పింది, 1992లో మనదేశం దానికి ఒప్పుకుంది. ఒప్పుకున్నది చెయ్యమని ఎవరు అడుగుతారు?

మనమే అడగాలి. ప్రతి అంగన్‌వాడీకీ నిజమైన ముంగిలి కావాలని, ఇంటిపనివాళ్ళ పిల్లల్ని చూసుకునే కేంద్రాలు బస్తీ బస్తీకీ కావాలని, పిల్లల గది లెక్కకి తండ్రుల తలలు కూడా లెక్కపెట్టాలని, రోజుకి నాలుగుసార్లు వెళ్ళి చూసే హక్కు, ఆ పూచీ, తండ్రికీ రాయాలని. కొత్త కాలనీ లేఅవుట్‌లో పార్కుకని వదిలిన జాగా చుట్టూ గోడ కట్టి తాళం వేస్తే, ఆ తాళం గురించి అడగాలి. మనకి సొంత గది కావాలని అడగడం ఎప్పుడో నేర్చుకున్నాం. ఆ గదిలో కూచుని మనం రాసుకునేటప్పుడు బయట మన పిల్లని ఎవరు చూస్తున్నారు, వాళ్ళ పిల్లని ఎవరు చూస్తున్నారు అన్న మాట కూడా ఆ కాగితం మీదే రాయాలి.

మొన్న సాయంత్రం చూశాను. జారుడుబల్ల నిజంగానే నున్నగా అయింది. మధ్యలో గీతలు పడి, రంగు వెలిసి, పిల్లలు జారిన దారి తెల్లగా మెరుస్తోంది. పాపా, ఆమె కూతురూ ఒకరి వెనక ఒకరు జారి, ఇసుకలో పడి, ఒకరి మొహాన ఒకరు మట్టి పూసుకున్నారు. ఇద్దరూ నల్లబడ్డారు. అరిగిపోలేదు.